బండి నడుపుతూ ఫోన్: చట్టం ఒప్పుకునేది ఎంత, చలాన్ పడకుండా సర్దుకోవడం ఎలా

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏదైనా పెద్ద కూడలి దగ్గర కాసేపు నిలబడితే ఫోన్ పట్టుకునే పద్ధతులన్నీ కనిపిస్తాయి. భుజానికీ చెవికీ మధ్య నొక్కి మెడ వంచి నడిపేవాళ్లు, హెల్మెట్‌లోకి ఇరికించి మాట్లాడేవాళ్లు, స్పీకర్ ఆన్ చేసి నోటి ముందు పట్టుకునేవాళ్లు, ఒళ్లో పెట్టుకుని తల దించి వాట్సాప్ చూసేవాళ్లు. అడిగితే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో సమాధానం. "చెవి దగ్గర పెట్టలేదు కదా", "సిగ్నల్ దగ్గర ఆగే ఉన్నాను కదా", "మ్యాప్ చూస్తున్నాను కదా". వీటిలో చివరిది మాత్రమే చట్టం కొంతవరకు ఒప్పుకుంటుంది. అదీ ఒక షరతు మీద.

చట్టంలో ఉన్నది

మోటారు వాహనాల చట్టం, 1988లో ప్రమాదకరంగా బండి నడపడాన్ని శిక్షించేది 184వ సెక్షన్. పాత సెక్షన్‌లో ఫోన్ ఊసే లేదు. 2019లో సవరణ చేసి, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు ఒక వివరణ జోడించారు. రెడ్ సిగ్నల్ దాటడం, స్టాప్ గుర్తును లెక్కచేయకపోవడం, రాంగ్ రూట్‌లో వెళ్లడం, అడ్డదిడ్డంగా ఓవర్‌టేక్ చేయడం లాంటి వాటి సరసన "నడుపుతూ చేతిలో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరాన్ని వాడడం" కూడా చేరింది. వీటిలో ఏది చేసినా ప్రజలకు ప్రమాదకరంగా నడిపినట్టే లెక్క. అంతకుముందు పరిస్థితి వేరు. 2018లో కేరళ హైకోర్టు, ఫోన్‌లో మాట్లాడుతూ నడిపినంత మాత్రాన, దానివల్ల ప్రజలకు ప్రమాదం కలిగితే తప్ప, కేసు నిలవదని తీర్పిచ్చింది. ఆ తీర్పును ఇప్పటికీ కొందరు వాట్సాప్‌లో తిప్పుతుంటారు. సవరణ తర్వాత దాన్ని పట్టుకుని పోలీసుతో వాదిస్తే నడవదు.

శిక్ష సంగతి. మొదటిసారికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు అదే తప్పు మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇదంతా కోర్టు వేసే శిక్ష. మామూలుగా అంతదూరం వెళ్లదు. కారణం 200వ సెక్షన్. కోర్టు గడప తొక్కకుండా డబ్బు కట్టి ముగించుకునే వీలు ఏ తప్పులకు ఉందో చెప్పే సెక్షన్ అది. 184వ సెక్షన్ కింద ఆ వీలు ఫోన్ వాడకానికి ఒక్కదానికే ఇచ్చారు, రాంగ్ రూట్‌కు గానీ సిగ్నల్ జంపింగ్‌కు గానీ లేదు. కట్టాల్సిన మొత్తాన్ని నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. అందుకే తెలంగాణలో ఉన్న మీ బావమరిది కట్టిన చలానూ, ఆంధ్రప్రదేశ్‌లో మీకు పడిన చలానూ ఒకే మొత్తం కావాలని లేదు.

ఇక మ్యాప్ సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, నడుపుతున్నప్పుడు చేతి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరని పద్ధతిలోనే వాడాలి. ఆ షరతు ఇదే. హోల్డర్‌లో బిగించి, గొంతు వింటూ, అప్పుడప్పుడూ ఒక చూపు వేస్తే ఈ మినహాయింపులోకి వస్తారు. ఎడమ చేత్తో ఫోన్ ఎత్తిపట్టి, స్టీరింగ్ కుడిచేత్తో తిప్పుతూ "మ్యాపే కదా" అంటే రారు. కొత్త అడ్రస్ టైప్ చేయడం కూడా దారి చూసుకోవడం కిందికి వస్తుందని సర్దిచెప్పుకునేవాళ్లున్నారు. టైప్ చేస్తున్నంతసేపూ ఏకాగ్రత ఎక్కడుందో వాళ్లకే తెలియాలి.

సిగ్నల్ దగ్గర ఆగిన బండికి చట్టంలో విడిగా మినహాయింపేమీ రాయలేదు. ఇంజన్ ఆన్‌లో ఉండి, వరుసలో నిలబడి, పచ్చలైటు కోసం చూస్తున్న బండిని పార్క్ చేసిన బండి అనలేం. పైగా నగరాల్లో కెమెరాలు ఎక్కువగా ఉండేది కూడళ్లలోనే. చేతిలో ఫోన్, వెనక నంబర్ ప్లేట్, రెండూ ఒకే ఫొటోలో తీరిగ్గా పడేది కూడా అక్కడే.

బ్లూటూత్, ఇయర్‌ఫోన్, హెల్మెట్

కారు స్పీకర్‌కు బ్లూటూత్‌తో కలిపి, స్టీరింగ్ మీది మీటతో కాల్ ఎత్తితే ఫోన్ చేతిలో లేనట్టే, కాబట్టి పైన చెప్పిన వివరణలోని ఆ ముక్క వర్తించదు. అయినా మీరు పూర్తిగా సేఫ్ అని అనుకోవద్దు. అదే వివరణలో చివర ఇంకో ముక్క ఉంది. జాగ్రత్త గల డ్రైవర్ నడపాల్సిన తీరుకు బాగా తక్కువగా, ప్రమాదకరమని ఎవరికైనా తెలిసేలా నడిపినా అదే నేరం. బ్లూటూత్‌లో గొడవపడుతూ లేన్ మారి పక్కబండిని గీకితే ఈ ముక్క వర్తిస్తుంది. చట్టం పక్కన పెట్టినా, చేతిలో పట్టుకుని మాట్లాడడం కంటే హ్యాండ్స్‌ఫ్రీ పెద్దగా సురక్షితమేమీ కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫోన్ వాడుతూ నడిపేవాళ్లకు ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువన్నది కూడా వాళ్ల మాటే. పక్క సీట్లో కూర్చున్న మనిషి ముందు లారీ బ్రేకు వేస్తే నోరు మూసుకుంటాడు. ఫోన్ అవతల ఉన్న మనిషికి ఆ లారీ కనిపించదు, మాట్లాడుతూనే ఉంటాడు. తేడా అంతా అక్కడుంది.

బైకు మీద రెండు చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకోవడం ఇంకో రకం. మా మాట వింటే బైకు మీద అసలు వద్దు. బయటి చప్పుడు ఆపే ఇయర్‌బడ్స్ అయితే వెనక అంబులెన్స్ సైరన్ కూడా దగ్గరికొచ్చేదాకా తెలియదు. దారి కోసమే కావాలంటే ఎడమ చెవిలో ఒక్కటి, సౌండ్ సగానికి తగ్గించి, పాటలు లేకుండా. కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేసే బండ్లు వినబడాలి కాబట్టి కుడి చెవి ఖాళీగా ఉండాలి. పోలీసు ఆపితే అదీ వాదనకు దారితీస్తుందని తెలిసే పెట్టుకోండి.

హెల్మెట్‌లో ఫోన్ ఇరికించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది "చేతులు ఖాళీగానే ఉన్నాయిగా" అని సమర్థిస్తారు. హెల్మెట్ దెబ్బను పీల్చుకునేది పై చిప్పతో కాదు, లోపలున్న థర్మకోల్ లాంటి గట్టి పొరతో. ఆ పొర తలకు అన్ని వైపులా ఆనుకుని ఉంటేనే పనిచేస్తుంది. ఫోన్ దూర్చినప్పుడు బుగ్గ దగ్గరి మెత్త పక్కకు నొక్కుకుపోయి, హెల్మెట్ ఒకవైపుకు తిరిగి కూర్చుంటుంది. అవతలి వైపు ఖాళీ వస్తుంది. స్ట్రాప్ బిగిస్తే దవడకు ఫోన్ గుచ్చుకుంటుంది కాబట్టి వదులుగా పెడతారు, లేదా పెట్టనే పెట్టరు. పడినప్పుడు హెల్మెట్ ఒకచోట, తల ఒకచోట. ఒకవేళ హెల్మెట్ నిలిచినా చెంప ఎముకకూ నేలకూ మధ్య గాజు పలక ఉంటుంది. ఇంతా చేసి, ఫోన్ జారబోతే ఆపడానికి చెయ్యి హ్యాండిల్ వదిలి పైకి వెళ్లాల్సిందే.

ఎంత దూరం గుడ్డిగా వెళ్తారు

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మెసేజ్ ఎవరిదో చూసి, ఒక వాక్యం చదివి, తల ఎత్తడానికి మూడు సెకన్లు వేసుకున్నా 50 మీటర్లు. ఇది ఊళ్లో సంగతి. హైదరాబాద్ ఔటర్ మీద 120 అనుమతి ఉన్న లేన్‌లో అదే మూడు సెకన్లకు 100 మీటర్లు పోతారు. బ్రేకు మీద కాలు పడేది ఆ తర్వాత.

తాళం తిప్పకముందే చేయాల్సిన పనులు

ఫోన్‌తో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం బయల్దేరే ముందు రెండు నిమిషాలు మిగుల్చుకుందామన్న తొందర వల్లే వస్తాయి. కింది పనులు ఒకసారి సెట్ చేసుకుంటే, రోజూ చేయాల్సింది మొదటిదీ చివరిదీ మాత్రమే.

1. గమ్యం ముందే పెట్టుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో చేరాల్సిన చోటు, మధ్యలో ఆగాల్సిన చోట్లు అన్నీ కలిపి ఒకేసారి చేర్చండి. వెళ్తూ వెళ్తూ "పెట్రోల్ బంకు" అని వెతకడం ఇక్కడే తప్పిపోతుంది. మొదలుపెట్టాక గొంతు వినిపిస్తోందో లేదో చూడండి. స్పీకర్ గుర్తు గీత కొట్టి ఉంటే ఆఫ్‌లో ఉన్నట్టు. చాలామంది ఫోన్ వైపు పదేపదే చూడడానికి అసలు కారణం ఇదే, ఎప్పుడో మ్యూట్ చేసి మర్చిపోయి ఉంటారు.

2. గొంతును తెలుగులోకి మార్చుకోండి. మ్యాప్స్ సెట్టింగ్స్‌లో నావిగేషన్ కింద గొంతు ఎంపిక ఉంటుంది. ఊళ్ల పేర్లు తెలుగు గొంతులో సరిగా పలుకుతాయి. ఇంగ్లిష్ గొంతు మన ఊరి పేర్లను పలికే తీరుకు, ఏమన్నదో అర్థంకాక ఫోన్ వైపు చూడక తప్పదు.

3. ఘాట్ రోడ్డు గానీ అడవి దారి గానీ ఉంటే మ్యాప్‌ను ముందే దించుకోండి. నల్లమలలో శ్రీశైలం దారి, మారేడుమిల్లి, అరకు ఘాట్‌లలో సిగ్నల్ పోయే చోట్లున్నాయి. మలుపు మీద మ్యాప్ ఆగిపోతే చెయ్యి దానంతట అదే ఫోన్ మీదికి పోతుంది. మ్యాప్స్‌లో మీ ఫొటో మీద నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది. ప్రాంతం ఎంచుకుని, వైఫై ఉన్నచోట దించుకోండి. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ వివరాలు రావు, దారి మాత్రం వస్తుంది.

4. డ్రైవింగ్ మోడ్ పెట్టుకోండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, ఫోకస్, డ్రైవింగ్. "ఎప్పుడు ఆన్ కావాలి" అన్నచోట కారు బ్లూటూత్‌కు కలిసినప్పుడు అన్నది ఎంచుకోండి. కదలికను బట్టి తనంతట తాను ఆన్ అయ్యే ఎంపిక పెడితే మీరు బస్సులో, క్యాబ్‌లో కూర్చున్నప్పుడూ ఆన్ అయి విసిగిస్తుంది, మూడో రోజుకి తీసేస్తారు. ఆటోమేటిక్ జవాబు కాంటాక్ట్స్‌కో, ఇష్టమైనవాళ్లకో పెట్టండి. మీరు నడుపుతున్నారని వాళ్లకు మెసేజ్ వెళ్తుంది. నిజంగా అత్యవసరమైతే దాన్ని దాటి రావడానికి వాళ్లకు ఒక దారి కూడా అందులోనే చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి పేర్లు మారతాయి. సెట్టింగ్స్‌లో పైనున్న వెతుకు పెట్టెలో "డ్రైవింగ్" అని కొడితే దొరుకుతుంది. లేకపోతే మామూలు డు నాట్ డిస్టర్బ్ చాలు.

5. ఇంట్లో వాళ్లకు ఒక ఏర్పాటు చెప్పి ఉంచండి. డు నాట్ డిస్టర్బ్‌లో "మళ్లీ మళ్లీ చేసే కాల్స్" అన్నది ఆన్ చేస్తే, ఒకే నంబర్ నుంచి రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల్లోపు రెండోసారి చేయాలి. "కొంప మునిగే పని ఉంటేనే వెంటనే రెండోసారి చెయ్యండి" అని ఒక్కమాట చెబితే చాలు. ఫోన్ ఎత్తకపోతే అమ్మ కంగారు పడుతుందన్న బెంగ పోతుంది. మన ఇళ్లలో నడుపుతూ ఫోన్ ఎత్తడానికి సగం కారణం ఆ బెంగే.

6. కాగితాలు డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో పెట్టుకోండి. లైసెన్సు, ఆర్‌సీ వాటిలో చూపిస్తే చెల్లుతాయి. గ్యాలరీలో ఉన్న ఫొటో చెల్లదు. ఫాస్టాగ్ బ్యాలెన్సు కూడా బయల్దేరేముందే చూడండి, టోల్ వరుసలో కదులుతూ రీచార్జి చేసే తిప్పలు తప్పుతాయి.

7. ఫోన్‌ను హోల్డర్‌లో పెట్టండి, లేదా చెయ్యి అందని చోట. మ్యాప్ అక్కర్లేని రోజువారీ దారికి వెనక సీట్లో బ్యాగులో వేయడం అన్నిటికన్నా మేలు. కప్ హోల్డర్‌లో, తొడ కింద, డ్యాష్‌బోర్డు మీద వదులుగా పెట్టిన ఫోన్ స్పీడ్ బ్రేకర్ దగ్గర జారి పెడల్స్ దగ్గరికి పోతుంది. దాన్ని తీయడానికి వంగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం.

హోల్డర్ ఎక్కడ, ఎలాంటిది

మన కార్లలో స్టీరింగ్ కుడివైపు. హోల్డర్‌ను స్టీరింగ్‌కు ఎడమ పక్కన, డ్యాష్‌బోర్డు పై అంచుకు కాస్త దిగువగా పెడితే తల తిప్పక్కర్లేదు, కళ్లు దించితే చాలు. అద్దం మధ్యలో, రేర్ వ్యూ అద్దం కింద వేలాడదీస్తే ఎడమవైపు నుంచి రోడ్డు దాటే మనిషి సరిగ్గా ఆ ఫోన్ వెనక మాయమవుతాడు. ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న మూత మీద ఏదీ అంటించవద్దు. తెరుచుకున్నప్పుడు హోల్డర్ ఎగిరి మొహానికే వస్తుంది.

రబ్బరు కప్పుతో అతుక్కునే రకం మన ఎండలకు నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పార్కింగ్‌లో ఉన్న కారులో అది తనంతట తానే ఊడి పడుతుంది. ఆ రోజుల్లో దాన్ని తీసి, అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి, పొద్దునే తిరిగి అంటించాలి. ఏసీ గ్రిల్‌కు తగిలించే రకానికి ఒక లాభం ఉంది, చల్లగాలికి ఫోన్ వేడెక్కదు. నష్టం, బరువైన ఫోన్‌కు గ్రిల్ రెక్క వంగుతుంది. ఎండ నేరుగా పడేచోట మ్యాప్, చార్జింగ్ రెండూ నడుస్తుంటే ఫోన్ వేడెక్కి వెలుగు తగ్గించేస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. ఐఫోన్‌ను 35 డిగ్రీల వరకే వాడమని ఆపిల్ చెబుతుంది. మన వేసవిలో ఆ అంకె ఉదయం పదింటికే దాటుతుంది.

బైకుకు నాలుగు మూలలా పట్టే లోహపు హోల్డర్ తీసుకోండి, స్ప్రింగ్ ఒక్కదానితో పట్టే చవకరకం గుంతకు వదిలేస్తుంది. పెద్ద ఇంజన్ బండ్ల అదురుకు ఫోన్ కెమెరా పాడవుతుందని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. ఫోకస్ కుదరక ఫొటోలు మసకగా రావడం మొదటి లక్షణం. అదురును పీల్చే రబ్బరు ముక్క ఉన్న హోల్డర్ కాస్త ఖరీదైనా మంచిది. వానాకాలంలో ప్లాస్టిక్ సంచి కట్టిన ఫోన్ మీద వేలు పనిచేయదు, మ్యాప్ గొంతు మీదే ఆధారపడాలి.

ఎత్తక తప్పని కాల్ వస్తే

ఆగడం అంత తేలికైన పనేం కాదు, తప్పుచోట ఆగితే ఫోన్ మాట్లాడుతూ నడపడం కన్నా ప్రమాదం. జాతీయ రహదారి మీద మలుపు దాటగానే, ఫ్లైఓవర్ మీద, వంతెన మీద ఆగవద్దు. వెనక వచ్చే లారీ డ్రైవర్ కదిలే బండ్లనే ఊహించి వస్తాడు. పెట్రోల్ బంకు, దాబా, టోల్ దాటాక వెడల్పుగా ఉన్న చోటు, లారీలు నిలిపే బే, వీటిలో ఏదో ఒకటి పది పదిహేను నిమిషాల్లో రాకుండా ఉండదు. ఔటర్ మీద అంచున బండి ఆపడం మీద నిషేధం ఉంది, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి మాట్లాడండి. ఊళ్లో అయితే ఎడమకు సైగ ఇచ్చి, అద్దంలో చూసి, పక్క వీధిలోకి తిరిగి ఆపండి. బైకును తారు దిగి మట్టి మీదికి తీసి, స్టాండ్ వేసి, అప్పుడు జేబులో చెయ్యి పెట్టండి. ఒక కాలు నేల మీద ఆన్చి రోడ్డు అంచునే నిలబడి మాట్లాడేవాళ్లను ఆటోలు రాసుకుపోవడం మామూలే.

రోడ్డు మీద ప్రమాదం చూసి ఫోన్ చేయాలన్నా ముందు ఆగండి. 112, అంబులెన్స్‌కు 108, జాతీయ రహదారి మీద 1033. ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఏ ఊరి వైపు వెళ్లే దారిలో అన్నది చూసి చెప్పాలంటే ఎలాగూ ఆగాల్సిందే.

క్యాబ్, ఆటో, డెలివరీ వాళ్లకు

"ఫోన్ చూడకుండా నడపండి" అని వీళ్లకు చెప్పడం తేలిక. ఆర్డర్ వచ్చాక కొన్ని సెకన్లలో నొక్కకపోతే పోతుంది, అది వాళ్ల కూలి. అందుకే పనికొచ్చే మాటలు మాత్రమే. ఫోన్ హ్యాండిల్ మీద హోల్డర్‌లో ఉండాలి, జేబులో కాదు. ఒక డ్రాప్ అయ్యాక అక్కడే నిలబడి తర్వాతి ఆర్డర్ కోసం చూడండి, ఊరికే తిరుగుతూ వేచి ఉంటే పెట్రోలూ పోతుంది, నొక్కే ప్రమాదమూ ఉంటుంది. కస్టమర్‌కు బయల్దేరేముందే ఒక కాల్ చేసి గుర్తు అడగండి. "గుడి పక్క సందులో" అన్న వివరం సగం దారిలో వచ్చే మూడు కాల్స్‌ను ఆపుతుంది. కస్టమర్లకూ ఒక మాట: యాప్‌లో బండి కదులుతూ కనిపిస్తుంటే ఫోన్ చేయకండి, మెసేజ్ కూడా పెట్టకండి.

బస్సుల విషయంలో టీజీఎస్‌ఆర్టీసీ 2025 సెప్టెంబరు నుంచి కొన్ని డిపోల్లో ప్రయోగంగా డ్రైవర్ల ఫోన్లను డ్యూటీ ఎక్కేముందే డిపోలో పెట్టించడం మొదలుపెట్టింది. ప్రైవేటు స్కూలు బస్సులకూ ఇదే పద్ధతి పెట్టమని తల్లిదండ్రులు అడగవచ్చు. అత్యవసరానికి బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయా దగ్గర ఫోన్ ఉంటే సరిపోతుంది.

పోలీసు ఆపితే, చలాన్ వస్తే

యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాలి. తెలుసుకోవాల్సింది 206వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్. 184 కింద నేరం చేశారని నమ్మితే లైసెన్సును తీసుకుని, సస్పెన్షన్ కోసం లైసెన్సింగ్ అధికారికి పంపే అధికారం పోలీసుకు ఉంది. రసీదు ఇవ్వాలి. అయితే మామూలుగా ఇతర కారణాలకు లైసెన్సు తీసుకున్నప్పుడు ఇచ్చే రసీదుతో బండి నడపొచ్చు గానీ, ఈ ఉపసెక్షన్ కింద ఇచ్చిన రసీదుతో నడపకూడదు. బండిని ఇంకెవరైనా నడిపి ఇంటికి చేర్చాలి. సస్పెండ్ చేసేది పోలీసు కాదు, రవాణా శాఖ అధికారి. 19వ సెక్షన్ ప్రకారం ఆయన మీ వాదన వినాలి, విన్నాక వదిలేయవచ్చు, లేదా మొదటిసారికి మూడు నెలలు అనర్హత వేయవచ్చు. రెండోసారి అయితే లైసెన్సు రద్దే. వెయ్యి రూపాయల చలానే కదా అనుకునేవాళ్లు, ముఖ్యంగా లైసెన్సు మీదే బతికే డ్రైవర్లు, ఈ మూడు నెలల లెక్క వేసుకోవాలి.

బండి నడిపింది పద్దెనిమిది నిండని పిల్లవాడైతే ఫోన్ సంగతి చిన్నదైపోతుంది. 199ఏ సెక్షన్ కింద తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఇంకో సరదా సెక్షన్ 210బీ. చట్టాన్ని అమలు చేయాల్సిన అధికారే తప్పు చేస్తే జరిమానా రెట్టింపు.

ఇంటికి ఈ-చలాన్ వస్తే ఇలా చూడండి. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కవద్దు. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి బ్యాంకు ఖాతా ఊడ్చే మోసం జోరుగా నడుస్తోంది. ఏ పోలీసు శాఖా చలాన్‌ను యాప్ ఫైలుగా పంపదు. రాష్ట్ర పోలీసుల చలాన్ సైటునో, కేంద్రం పరివాహన్ చలాన్ సైటునో మీరే తెరిచి, బండి నంబరు కొట్టి చూడండి. ఫొటో తెరిచి నంబర్ ప్లేటు, బండి రంగు, మోడల్ మీవేనా, తేదీ, సమయం, చోటు కలుస్తున్నాయా చూడండి. ఒక అంకె తప్పుగా చదివి వేరేవాళ్ల చలాన్ రావడం అరుదేం కాదు. ఆటోమేటిక్ కెమెరాతో వేసిన చలాన్ అయితే నోటీసు తప్పు జరిగిన పదిహేను రోజుల్లో పంపాలని 2021లో వచ్చిన 167ఏ నిబంధన చెబుతోంది.

ఫొటోలో ఉన్నది ఫోనేనా అన్నది తరువాతి ప్రశ్న. చెవి గోక్కుంటున్న చెయ్యి, హెల్మెట్ స్ట్రాప్ సర్దుకుంటున్న చెయ్యి, వెనక కూర్చున్నవాళ్లు ముందుకు చాపి పట్టుకున్న ఫోన్, ఇవి పక్కనుంచి తీసిన ఫొటోలో డ్రైవర్ ఫోన్‌లాగే కనిపిస్తాయి. అభ్యంతరం ఉంటే డబ్బు కట్టకముందే పెట్టాలి, కట్టాక తప్పు ఒప్పుకున్నట్టే. ఆ సమయానికి కాల్ జాబితా స్క్రీన్‌షాట్, హోల్డర్ బిగించి ఉన్న కారు ఫొటో, డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ వీడియో దాచుకోండి. ఆ రోజు బండి మీ తమ్ముడు నడిపి ఉంటే, ఎవరు నడిపారో అడిగినప్పుడు చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షన్ కింద యజమానిదే. అమ్మేసిన బండి మీద చలాన్లు వస్తుంటే పేరు మార్పిడి జరగలేదన్నమాట. అమ్మిన రోజు నుంచి పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయడం అమ్మినవాడి పని.

ఆపిన పోలీసు జరిమానా బదులు ఫోన్ లాక్కునే అధికారం ఈ చట్టంలో లేదు. ప్రమాదం జరిగి కేసు నమోదైతే లెక్క వేరు.

ప్రమాదం జరిగితే

ఇక్కడికి వచ్చేసరికి చలాన్ ఊసుండదు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత వస్తుంది. నిర్లక్ష్యంగా నడపడానికి 281, గాయపరిస్తే 125, ప్రాణం పోతే 106 సెక్షన్ మొదటి భాగం, అందులో ఐదేళ్ల వరకు జైలు. దర్యాప్తు అధికారి ఫోన్‌ను సాక్ష్యంగా స్వాధీనం చేసుకోవచ్చు, కాల్ వివరాలు ఫోన్ కంపెనీ నుంచి తెప్పించుకోవచ్చు. ప్రమాదం 8:42కి, కాల్ 8:39 నుంచి 8:43 దాకా అని కాగితం మీద కనిపిస్తే వాదించడానికి పెద్దగా మిగలదు. కంగారులో చాట్లు, కాల్ జాబితా చెరిపేయడం మరీ పొరపాటు. కంపెనీ దగ్గర రికార్డు ఎలాగూ ఉంటుంది, పైగా సాక్ష్యం మాయం చేశారన్న కేసు అదనం. గాయపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చడం, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో చెప్పడం 134వ సెక్షన్ కింద డ్రైవర్ బాధ్యత.

మీకే దెబ్బలు తగిలి పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లినా ఇదే కాగితం అవతలి బీమా కంపెనీ లాయర్ చేతిలో ఉంటుంది. ప్రమాదంలో మీ తప్పు కూడా ఉందని తేలితే ఆ వంతు మీ పరిహారంలో కోసేస్తారు.

బయటి దేశాల్లో నడిపే మనవాళ్లకు

ఇక్కడి అలవాటుతో అక్కడ నడిపితే ఖర్చు ఎక్కువ. బ్రిటన్‌లో ఫోన్ చేత్తో పట్టుకుంటే 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పెనాల్టీ పాయింట్లు. లైసెన్సు వచ్చి రెండేళ్లు కానివాళ్లకు ఆరు పాయింట్లంటే లైసెన్సు పోయినట్టే. 2022 మార్చి నుంచి అక్కడ పాట మార్చడానికి, ఫొటో తీయడానికి పట్టుకున్నా నేరమే, సిగ్నల్ దగ్గర ఆగినా మినహాయింపు లేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పైనుంచి అద్దంలోకి చూసి ఒళ్లో ఫోన్‌ను పట్టే కెమెరాలు 2019 డిసెంబరులో వచ్చాయి. అక్కడ ఐదు పాయింట్లు, పాయింట్లు రెట్టింపు లెక్కేసే పండగ రోజుల్లో పది. లెర్నర్, పీ ప్లేటు (కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు పెట్టుకునే ప్లేటు) వాళ్లయితే హ్యాండ్స్‌ఫ్రీ కూడా వాడకూడదు. అమెరికాలో రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో ఫోన్ హోల్డర్‌లో ఉండాలి, ఒక్క వేలితో ఒక్కసారి తాకే పనికే అనుమతి. చేత్తో పట్టుకుని మ్యాప్ చూసినా తప్పేనని 2025లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. టెక్సస్‌లో రాష్ట్రమంతటికీ నిషేధం ఉన్నది టైప్ చేయడం, చదవడం మీదే. కానీ బోర్డు పెట్టిన స్కూల్ జోన్లలో చేత్తో పట్టుకుని మాట్లాడడం కూడా కుదరదు, కొన్ని నగరాలు సొంతంగా ఇంకా గట్టి నిబంధనలు పెట్టుకున్నాయి. కొత్త ఊరికి మారినప్పుడు రాష్ట్రం నిబంధనతో పాటు నగరం నిబంధన కూడా చూసుకోవాలి.